జిప్సీ వెనక కుడి చక్రం: షాఫ్టు మార్చినా మళ్లీ సీలు కారుతోంది. అసలు ఏది వంగింది?

లంకరేవు | జూన్ 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారమండీ. మాది పి.గన్నవరం అవతల ఒక లంక. అరటి, కూరగాయలు వేస్తాం. బండి మారుతి జిప్సీ కింగ్ జీపు. వెనక సీట్లు తీసేసి గెలలు వేసుకుని రావులపాలెం మార్కెట్‌కి తోలుకెళ్తాం.

మార్చిలో ఒక రాత్రి లోడుతో కాజ్‌వే దిగుతున్నాను. కిందటి వరద కోసేసిన చోట కుడి వెనక చక్రం గోతిలో పడింది. స్పీడు ఇరవై కూడా ఉండదు. కానీ కమాను కట్ట పైకి వెళ్లి రబ్బరుకి ఠప్పున కొట్టుకుంది. మర్నాడు చూస్తే చక్రం తిరిగేటప్పుడు అటూ ఇటూ ఊగుతోంది. మెకానిక్ చక్రాన్ని తిప్పే షాఫ్టు బెండన్నాడు. కొత్త షాఫ్టు, బేరింగు, ఆయిలు బయటికి రాకుండా ఆపే సీలు వేశాడు. ఊగడం పోయింది, నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఇరవై రోజులు గడిచాయో లేదో బ్రేకు డ్రమ్ములోకి ఆయిలు దిగింది, బ్రేకు పట్టడం మానేసింది. మళ్లీ సీలు వేయించాను. ఇప్పుడు బేరింగు గుర్రుమంటోంది. ఆ పక్క టైరు లోపలి అంచు ఎక్కువ అరుగుతోంది. మెకానిక్ ఇంకో షాఫ్టు వేద్దాం, మొదటిది మంచిది కాదేమో అంటున్నాడు.

జూలైలో గోదారి వరద ఎర్రనీళ్లు దిగేలోపు బండి బాగుపడాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గేదెల దాణా, మా నాన్నమ్మ, ఇంట్లో బియ్యం, అన్నీ ఈ బండి మీదే ఏటిగట్టుకి చేర్చాను. అందుకే టెన్షన్. ఇంకో షాఫ్టు కొనాలా వద్దా చెప్పండి.


పాతజీపు_పాలకొల్లు | జూన్ 9, రాత్రి 9:48

వద్దు బాబూ, ఆగు. కొన్నది చాలు. ముందు కొలవాలి.


కొబ్బరితోట_రాజోలు | జూన్ 9, రాత్రి 10:05

అన్నా, సీలు కంపెనీది వేశారా, లోకల్ వేశారా? మా బండికి లోకల్ సీలు వేస్తే నెల కూడా రాలేదు.


లంకరేవు | జూన్ 9, రాత్రి 10:11

రెండోసారి నేనే దగ్గరుండి కంపెనీది వేయించాను తమ్ముడూ. అయినా కారింది.


లేత్‌షాపు_తణుకు | జూన్ 10, ఉదయం 6:30

సీలు తప్పు కాదండీ. టైరు లోపలి అంచు అరుగుతోందన్న మాట దగ్గర నా చూపు ఆగింది.

చక్రం దగ్గర వంగడానికి నాలుగు వస్తువులున్నాయి. రిమ్ము, షాఫ్టు చివర బోల్టులు బిగించే ఫ్లాంజి, షాఫ్టు, దాన్ని లోపల పెట్టుకున్న హౌసింగు గొట్టం. మొదటి మూడూ తిరుగుతాయి. హౌసింగు తిరగదు. తిరిగేది వంగితే చక్రం ఊగుతుంది. తిరగనిది వంగితే చక్రం ఒకే వైపు వాలి, వాలినట్టే నిలకడగా తిరుగుతుంది, కంటికి ఏ తేడా కనబడదు. మీకు షాఫ్టు మార్చగానే ఊగడం పోయింది. అంటే షాఫ్టు వంగిన మాట నిజమే, మీ మెకానిక్ అక్కడ తప్పు చెప్పలేదు. కానీ షాఫ్టుని వంచిన దెబ్బ గొట్టాన్ని వదిలేసిందా లేదా అన్నది ఎవరూ చూసినట్టు లేదు.

గొట్టం వంగితే ఏమవుతుందంటే, బేరింగు గొట్టం కొనలో కూర్చుంటుంది కాబట్టి షాఫ్టు బయటి కొన ఒక దిక్కు చూస్తుంది. లోపలి కొనని యాక్సిల్ నడుమ రెండు షాఫ్టుల్నీ తిప్పే డిఫరెన్షియల్ గేరు తన మధ్యకి లాక్కుంటుంది. నిటారుగా ఉన్న కొత్త షాఫ్టు కూడా ఆ రెంటి మధ్యా ప్రతి చుట్టుకీ అటూ ఇటూ వంగుతూ తిరగాలి. మీ 205/70 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు, కిలోమీటరుకి 475 చుట్లు. ముప్పై కిలోమీటర్లు తిరిగితే పద్నాలుగు వేల పైచిలుకు సార్లు ఆ ఇనుము వంగి లేస్తోంది. బేరింగు ఒక పక్కే బరువు మోస్తోంది. సీలు పెదవి ఒక పక్కే అరుగుతోంది. ఇలాగే తోలుతూ ఉంటే ఒక రోజు బేరింగు పక్కనో పళ్ల దగ్గరో షాఫ్టు తెగుతుంది.

ముందు హౌసింగు కొలవండి. ఖర్చు లేదు. దారం, గుండు, స్కేలు చాలు. బండి కింద నేల సమంగా ఉండాలి, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంటే అక్కడ పెట్టండి. రెండు వెనక టైర్లలో గాలి ఒకేలా ఉండాలి, లోడు తీసేయండి.

తాపీ మేస్త్రులు వాడే గుండు దారాన్ని చక్రానికి బయట, యాక్సిల్ మధ్యకి ఎదురుగా, బాడీ నుంచి వేలాడదీయండి. దారం నుంచి రిమ్ము పై అంచుకి ఎంత, కింది అంచుకి ఎంత, రెండూ రాయండి. టైరు మీద కాదు, రిమ్ము అంచు మీదే. టైరు కింద ఉబ్బుతుంది కాబట్టి లెక్క తప్పుతుంది. రాశాక బండిని మెల్లగా నెట్టి చక్రం సరిగ్గా అర చుట్టు తిరిగేలా చేసి మళ్లీ కొలవండి. రెండు చక్రాలకీ చేయండి.


పాతజీపు_పాలకొల్లు | జూన్ 10, ఉదయం 7:15

ఆయ్, అదే పద్ధతి. అర చుట్టు తిప్పడం మాత్రం మర్చిపోవద్దు బాబూ, కిటుకంతా అందులోనే ఉంది. ఉదాహరణకి మొదట 11 మి.మీ. తేడా వచ్చింది, అర చుట్టు తిప్పాక 7 వచ్చింది అనుకో. రెంటి సగటు 9. అది హౌసింగు వాలు. రెంటి మధ్య తేడాలో సగం, అంటే 2, అది తిరిగే వస్తువుల వంకర. ఒక్కసారే కొలిచి వదిలేస్తే రెండూ కలిసిపోయి ఎవరి తప్పు ఎవరి మీద వేస్తున్నామో తెలియదు.

నేల కాస్త వాలి ఉన్నా భయపడకు. నేల వాలితే ఒక చక్రం లోపలికి, రెండోది అంతే బయటికి చూపిస్తాయి. రెండు చక్రాల లెక్కా పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

నా దగ్గర జీపు 1980ల నుంచీ ఉంది. మా కాలంలో వంకర కొలిచే ముల్లు డయల్ గేజి ఎవరి దగ్గరుంది? కొబ్బరి ఈనె ఒకటి కమాను కట్టకి కట్టి, కొస ఫ్లాంజికి అర మిల్లీమీటరు దూరంలో పెట్టి, చక్రం తిప్పుతూ సందు చూసేవాళ్లం. ప్లగ్గు గ్యాపు చూసే రేకు ఆ సందులో దూర్చితే ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ వదులవుతోందో వేలికి తెలిసేది. ఇప్పటికీ చేస్తాను.


ట్రాలీపని_మండపేట | జూన్ 10, ఉదయం 9:02

హౌసింగే వంగిందని తేలితే కంగారు పడొద్దు. మా దగ్గర ట్రాక్టర్ ట్రాలీ ఇరుసులు వారానికి రెండు మూడు వస్తాయి. గ్యాసుతో ఎర్రగా కాల్చి ప్రెస్సు కింద పెట్టి తీసేస్తాం. మళ్లీ ఏళ్ల తరబడి ఇటుక లోడు మోస్తున్నాయి. షాఫ్టయినా అంతే, కాల్చి తీసెయ్యొచ్చు. ఊరికే కొత్తవి కొనిపించొద్దు రైతుల చేత.


లేత్‌షాపు_తణుకు | జూన్ 10, ఉదయం 10:40

అన్నా, ట్రాలీ ఇరుసు విషయంలో మీ మాట నూటికి నూరు పాళ్లూ నిజం. కానీ అది తిరగదు. మెత్తని ఇనుము, నిండు కడ్డీ. చక్రం దాని మీద తిరుగుతుంది, అది బరువు మోస్తూ కదలకుండా ఉంటుంది. ఇంజన్ బలం దాని గుండా పోదు.

జిప్సీ వెనక షాఫ్టు సంగతి వేరు. సెమీ ఫ్లోటింగ్. బండి బరువూ అదే మోయాలి, చక్రాన్నీ అదే తిప్పాలి. అందుకే పై పొరని గట్టిపరిచి తయారు చేస్తారు. మీరు ఎర్రగా కాల్చిన చోట ఆ గట్టిదనం పోతుంది, తర్వాత అక్కడే మెలి తిరుగుతుంది. కాల్చకుండా ప్రెస్సుతో తీస్తే గట్టి పొరలో వెంట్రుక లాంటి పగుళ్లు రావచ్చు, కంటికి కనబడవు. నా లేత్ మీదకి బెండు తీసిన షాఫ్టులు తెచ్చినవాళ్లున్నారు. డయల్ మీద బాగానే ఉంటాయి. నేను మాత్రం తీయను, తీసి ఇవ్వను. లారీకైతే ఫుల్ ఫ్లోటింగ్, బరువంతా గొట్టం మీదున్న హబ్బు మోస్తుంది, షాఫ్టు తెగినా చక్రం ఉన్నచోటే ఉంటుంది. జిప్సీలో బేరింగు పక్కన షాఫ్టు తెగితే చక్రమే డ్రమ్ముతో సహా బయటికి పోతుంది. గట్టు మీద ఒక పక్క కాలవ, ఒక పక్క గోదారి ఉన్న రోడ్లు మనవి.

హౌసింగు గొట్టం సంగతి మాత్రం మీరన్నట్టు ఆలోచించొచ్చు. అది తిరగదు కాబట్టి.


ట్రాలీపని_మండపేట | జూన్ 10, ఉదయం 11:15

షాఫ్టు సంగతి ఒప్పుకుంటున్నానండి. ఆ పొర విషయం నాకు తట్టలేదు. ఇకమీదట షాఫ్టులు ఎవరైనా తెస్తే తిప్పి పంపేస్తాను.


యానాంరోడ్డు | జూన్ 10, మధ్యాహ్నం 1:30

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాదీ జిప్సీనే. యాభై దాటితే బండంతా వణుకుతోంది. వెనక షాఫ్టు బెండేనా?


పాతజీపు_పాలకొల్లు | జూన్ 10, మధ్యాహ్నం 2:05

వణుకు ఎంత వేగంగా ఉందో చూసుకో నాయనా. నలభై స్పీడులో చక్రం సెకనుకి ఐదు చుట్లు కాస్త పైన తిరుగుతుంది. ధడ్ ధడ్ ధడ్ అని లెక్కపెట్టేలా ఉంటే చక్రం వైపు తప్పు. ఇంజన్ వైపు నుంచి వెనక యాక్సిల్‌కి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు దానికి దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది, అది జుయ్యిమనే వణుకు, లెక్కకి అందదు. వణుకు వచ్చే స్పీడులోనే క్లచ్చు తొక్కి ఇంజన్ వేగం దించు. వణుకు ఆగిపోతే ఇంజన్ సంగతి. ఆగకపోతే చక్రాలో ప్రొపెల్లరో. ముందు ప్రొపెల్లర్ కొనల్లో కీళ్లలా ఉండే క్రాసులు చూడు.


యానాంరోడ్డు | జూన్ 11, ఉదయం 8:00

జుయ్యిమనే వణుకే. క్రాసులో ఒక కప్పు ఎండిపోయి ఎర్రటి పొడి రాలుతోంది. దొరికింది. చాలా థాంక్సండీ.


లంకరేవు | జూన్ 12, సాయంత్రం 6:50

కొలిచాను. మా బావగారి కళ్లంలో పెట్టి, మా పెద్దోడు టార్చి పట్టుకుంటే ఉదయం పదింటి దాకా పట్టింది. ఒక్కో కొలత మూడు సార్లు తీసుకున్నాను.

కుడి చక్రం: దారం నుంచి పై అంచు దూరం, కింది అంచు కంటే 10 మి.మీ. ఎక్కువ. అర చుట్టు తిప్పాక 8 ఎక్కువ.
ఎడమ చక్రం: మొదట 1 ఎక్కువ, తర్వాత సున్నా.

పాలకొల్లు బాబాయిగారి లెక్కలో వేస్తే కుడి పక్క హౌసింగు వాలు 9, తిరిగే వస్తువుల వంకర 1. ఎడమ అర మిల్లీమీటరు.

ఇది రాస్తుంటే చెయ్యి ఆడటం లేదండీ. బేరింగు, రెండోసారి సీలు, బ్రేకు లైనర్లు. హౌసింగు మీద ఒక్కసారి దారం వేలాడదీసి ఉంటే ఇవన్నీ మిగిలేవి.


లేత్‌షాపు_తణుకు | జూన్ 12, రాత్రి 8:10

బాగా కొలిచారు. 15 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకి 415 మి.మీ. దాకా ఉంటుంది. దాని మీద డిగ్రీకి 7 మి.మీ. పైచిలుకు. అంటే మీ కుడి కొన ఒక డిగ్రీ పావు పైకి లేచింది. చక్రం పై భాగం లోపలికి వాలింది, అందుకే లోపలి అంచు అరుగుడు. గోతిలో చక్రాన్ని నేల పైకి కొట్టింది, లోడు కమాను కట్ట మీద నుంచి కిందికి నొక్కింది. ఆ రెంటి మధ్యా, కమాను కూర్చునే దిమ్మకీ చక్రానికీ నడుమ గొట్టం వంగింది. ఆ 1 మి.మీ. మాత్రం రిమ్ముది అయ్యుంటుంది, దాన్ని వదిలేయొచ్చు.

ఇంకొక కొలత కావాలి. రెండు వెనక చక్రాల లోపలి అంచుల మధ్య దూరం యాక్సిల్ ఎత్తులో ముందు వైపు ఎంత, వెనక వైపు ఎంత? సుద్దతో టైరు మీద గుర్తు పెట్టి, ఆ గుర్తు ముందుకొచ్చినప్పుడు ఒకసారి, బండి నెట్టి అదే గుర్తు వెనక్కొచ్చినప్పుడు ఒకసారి కొలవండి.


లంకరేవు | జూన్ 13, ఉదయం 7:40

ముందు వైపు 5 మి.మీ. ఎక్కువ.


లేత్‌షాపు_తణుకు | జూన్ 13, ఉదయం 8:20

అయితే కొన పైకే కాదు, వెనక్కి కూడా పోయింది. గోతి అవతలి అంచు కొట్టిన దెబ్బ అది. రెండు దిక్కుల్లో వంగింది. ఒక దిక్కే అయితే ప్రెస్సు గురించి ఆలోచించేవాణ్ని. దీనికి వేరే హౌసింగు చూసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.


ట్రాలీపని_మండపేట | జూన్ 13, ఉదయం 9:30

నాదీ అదే మాట. తీయొచ్చు, కానీ గొట్టం లోపల బేరింగు కూర్చునే చోటు గుండ్రం పోకుండా తీయాలంటే లోపల సరిపడే గుండ్రటి దిమ్మ, మాండ్రిల్ పెట్టి చేయాలి, నా దగ్గర లేదు. ఇంకో సంగతి. హౌసింగుకి బలం కోసం పైనుంచి పట్టీ వెల్డింగ్ చేయించుకుంటుంటారు. ఒక పక్కే పొడుగ్గా కుట్టు వేసుకుంటూ పోతే చల్లారేటప్పుడు ఆ పక్క ముడుచుకుని గొట్టం మళ్లీ వంగుతుంది. ముక్కలు ముక్కలుగా, మార్చి మార్చి, చల్లారనిస్తూ వేయాలి. వేసేముందు, వేశాక దారం కట్టి చూడాలి. తొందరలో ఉన్నవాళ్లు చేయించొద్దు.


కొబ్బరితోట_రాజోలు | జూన్ 13, ఉదయం 10:10

పాత హౌసింగు కొనాలంటే విజయవాడ ఆటోనగర్‌లో చూడు అన్నా. కానీ అది కూడా ఎక్కడో గుద్దిన బండిదే అయితే?


లేత్‌షాపు_తణుకు | జూన్ 13, ఉదయం 10:55

మంచి ప్రశ్న తమ్ముడూ. ఖాళీ హౌసింగుని కూడా దారంతోనే చూడొచ్చు. రెండు కొనల్లో బేరింగు కూర్చునే చోటికి సరిపడా చెక్క బిళ్లలు రెండు చేయించుకోండి, నడిమధ్యన సన్న చిల్లు. రెంటి గుండా దారం బిగించి లాగండి. డిఫరెన్షియల్ కూర్చునే పెద్ద నోటి దగ్గర దారం మధ్యగా పోతోందా చూడండి. ఆ తర్వాత బిళ్ల బయట దారాన్ని ఒక జానెడు పొడిగించి, వడ్రంగి మూలమట్టం ఒక అంచు కొనలోని ఫ్లాంజి ముఖానికి ఆనించి రెండో అంచు దారం పక్కన పెట్టండి. పైన, కింద, ముందు, వెనక నాలుగు చోట్లా. ఎక్కడైనా దారం మూలమట్టానికి దూరమవుతుంటే ఆ కొన వంగినట్టే. మీ పాత హౌసింగు మీద ముందు ఒకసారి చేసి చూడండి, వంగినది ఎలా కనబడుతుందో కన్నుకి అలవాటవుతుంది.

బేరింగు కూర్చునే చోట వేలు పెట్టి తడమండి. గీతలు, గాడి తగలకూడదు. కమాను దిమ్మలో సెంటర్ బోల్టు తల కూర్చునే చిల్లు సాగి ఉండకూడదు. వెల్డింగ్ మచ్చలుంటే వదిలేసి వచ్చేయండి.


గట్టుమీద_నరసాపురం | జూన్ 13, మధ్యాహ్నం 12:20

హౌసింగు దింపుతున్నారు కాబట్టి ఒక మాట. యాక్సిల్ లోపలికి గాలి ఆడే చిన్న దారి, బ్రీదరు చూడండి. మన బురదకి అది పూడుకుపోతుంది. వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారి నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, బ్రీదరు మూసుకుపోయి ఉంటే సీలు గుండా నీళ్లు లోపలికి లాక్కుంటుంది. దానికి గొట్టం తగిలించి సీటు ఎత్తు వరకూ పైకి తెచ్చుకోండి. నీళ్లలో దిగేముందు పది నిమిషాలు ఆగితే ఇంకా మంచిది.

వరద నీళ్లలో తిరిగిన బండికి రాత్రంతా కదపకుండా ఉంచి, ఉదయం డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూస్తాను నేను. నీళ్లుంటే అడుగున చేరి ముందు అవే వస్తాయి. ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంటే మొత్తం పారబోసి కొత్తది పోయాల్సిందే. మా ఊళ్లో 2022 వరద తర్వాత మూడు బండ్ల డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ గేర్లు పోయాయి, అన్నిటికీ ఇదే కారణం.


లంకరేవు | జూన్ 19, రాత్రి 9:30

మొన్న విజయవాడ వెళ్లాను. నాలుగు హౌసింగులు చూశాను. బిళ్లలు, దారం, మూలమట్టం సంచిలో పట్టుకెళ్లాను. మొదటిదానికి దారం పెద్ద నోటి దగ్గరే పక్కకి పోయింది. రెండోదానికి దిమ్మ మీద వెల్డింగ్. మూడోది అన్నీ బాగున్నాయి గానీ బేరింగు చోట గోటికి గాడి తగిలింది. నాలుగోది నాలుగు వైపులా దారానికి మూలమట్టం ఆనుకునే ఉంది. అక్కడి పెద్దాయన నేను దారం కట్టడం చూసి ఎదురొచ్చి రెండో కొన ఆయనే పట్టుకున్నారు. బస్సు పైన వేయించి తెచ్చాను.

బిగించేముందు ఎవరైనా జాగ్రత్తలు చెబుతారా? మెకానిక్‌తో మాట్లాడాను, కొలతలన్నీ చూపించాను. చక్కగా విన్నాడు, నేనూ నేర్చుకుంటానన్నాడు.


పాతజీపు_పాలకొల్లు | జూన్ 19, రాత్రి 10:20

చాలా సంతోషం బాబూ. జిప్సీలో ఒక మేలు ఉంది. డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా ముందు నుంచి ఊడి వస్తుంది. దాన్ని అలాగే తీసి అలాగే కొత్త హౌసింగులో పెట్టెయ్. క్రౌను, పినియను మధ్య సందు ఎవరినీ ముట్టుకోనివ్వకు, అది సెట్ చేసి ఉన్నది.

షాఫ్టు తీసేటప్పుడు: ముందు చక్రాలకి అడ్డు రాళ్లు, వెనక చాసిస్ కింద స్టాండ్లు. జాకీని నమ్మి కిందికి దూరొద్దు. డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచులు కొట్టొద్దు, డ్రమ్ము మీదే మరలున్న రెండు చిల్లులుంటాయి. వాటిలో 8 మి.మీ. బోల్టులు రెండు సమంగా తిప్పుకుంటూ పోతే అదే బయటికి తోసుకుంటుంది. బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు తీగ విప్పాక బ్రేకులు బిగించి ఉండే వెనక పలక నాలుగు నట్లు తీస్తే షాఫ్టు, బేరింగు, పలక కలిసి వస్తాయి. రాకపోతే జారుడు సుత్తి పెట్టి లాగాలి. ఆయిలు ముందే దించుకో, లేకపోతే కిందంతా అదే.


లేత్‌షాపు_తణుకు | జూన్ 20, ఉదయం 6:15

బేరింగు మార్చే దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతాయి. అక్కడ నిదానం.

బేరింగుని షాఫ్టు మీద ఆపేది దాని పక్కనున్న రింగు. బిగుతుగా ఎక్కించి ఉంటుంది. చక్రం బయటికి పోకుండా ఆపేది ఆ ఒక్క రింగే. పాతది తీయాలంటే గ్రైండర్‌తో ఒక చోట పలచగా అరగదీసి, షాఫ్టుకి రాయి తగలకుండా ఆపేసి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే పగులుతుంది. షాఫ్టు మీద గ్రైండర్ గీత పడిందా, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. పాత రింగు మళ్లీ వాడొద్దు, కొత్తదే. కొన్నిచోట్ల రింగు వదులైందని షాఫ్టుకి వెల్డింగ్ చుక్కలు పెడతారు. అసలు ఒప్పుకోవద్దు. షాఫ్టు మీద ఎక్కువ భారం పడే చోటే వేడి పెట్టినట్టవుతుంది.

ఎక్కించే వరస: ముందు వెనక పలక, తర్వాత బేరింగు, తర్వాత రింగు. పలక మర్చిపోయి బేరింగు ఎక్కించేస్తే మళ్లీ రింగు పగలగొట్టాల్సిందే, కొత్త రింగు, చాలాసార్లు కొత్త బేరింగు. నా షాపులో ప్రెస్సు దగ్గర పలక కనబడకపోతే హ్యాండిల్ ముట్టుకోను. బేరింగు ఏ ముఖం ఎటుందో తీసేముందే ఫొటో తీసుకోండి. నొక్కేటప్పుడు బేరింగు లోపలి రింగు మీదే నొక్కాలి.

షాఫ్టు కొత్తది కొనేవాళ్లకి: కుడి, ఎడమ ఒకే పొడుగు కావు. పాతది చేత్తో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి పొడుగు చూడండి, పళ్లు లెక్కపెట్టండి.

లంకరేవు గారూ, మీ రెండు షాఫ్టులూ, మొదట వంగినదీ ఇప్పుడున్నదీ, నా దగ్గరకి తీసుకురండి. లేత్ మీద రెండు కొనలు పట్టించి డయల్ పెట్టి చూద్దాం. ఇన్నాళ్లు వంగిన గొట్టంలో తిరిగిన షాఫ్టు మీద నాకు నమ్మకం లేదు.


లంకరేవు | జూన్ 22, రాత్రి 8:45

తణుకు వెళ్లొచ్చాను. మొదటి షాఫ్టు తిప్పుతుంటే డయల్ ముల్లు 1.8 మి.మీ. కదిలింది. అంటే అసలు వంకర అందులో సగం, 0.9 అని వారు చెప్పారు. ముల్లు రెండు వైపులా కలిపి చూపిస్తుందట. రెండో షాఫ్టు 0.06. నిటారుగానే ఉంది. తర్వాత దాని మీద ఎర్రరంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి కొట్టారు. పగులుంటే ఎర్రగీత బయటపడుతుందట. బేరింగు పక్కన, పళ్ల మొదట్లో దగ్గరగా చూశాం. ఏ గీతా రాలేదు. అదే వాడొచ్చన్నారు. నా దగ్గర డబ్బులు తీసుకోలేదు, ఒక గెల చక్కెరకేళి మాత్రం ఇచ్చొచ్చాను.


కొబ్బరితోట_రాజోలు | జూన్ 22, రాత్రి 9:05

ముందు యాక్సిల్‌కి కూడా ఇదే కొలత పనికొస్తుందా? నాకు అలైన్‌మెంట్ షాపులో కేంబర్, అదే చక్రం నిలువు వాలు, రావట్లేదు, సర్దలేం అన్నారు.


పాతజీపు_పాలకొల్లు | జూన్ 22, రాత్రి 9:30

పనికొస్తుంది. జిప్సీకి ముందు కూడా గట్టి యాక్సిలే, దానికి కేంబర్ సర్దే ఏర్పాటే లేదు. తేడా వచ్చిందంటే చక్రం పక్కకి తిరిగే చోట ఉన్న కింగ్‌పిన్ బేరింగులు వదులో, గొట్టం వంగిందో. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపు. ఆడితే బేరింగులు. ఆడకపోతే దారం కట్టు.


లంకరేవు | జూన్ 28, సాయంత్రం 5:15

బిగించాం. రెండు రోజుల పని. కొత్త సీలు పెదవికి గ్రీజు రాసి, షాఫ్టు పళ్లు దానికి తగలకుండా రెండు చేతులతో మోసుకుంటూ లోపలికి పంపాం. వెనక పలక, హౌసింగు కలిసే చోట సీలెంటు సన్నగా చుట్టూ పూశాం, నీళ్లు పోకుండా. కమానుని హౌసింగుకి పట్టే యూ బోల్టులు కొత్తవి. కమాను సెంటర్ బోల్టు తల దిమ్మ చిల్లులో కూర్చున్నదాకా మెకానిక్ చేత్తో తడిమి చూశాకే బిగించాడు. గేరాయిలు 80డబ్ల్యూ90, లీటరున్నర. బ్రేకు గాలి తీశాం. బ్రీదరు గొట్టం సీటు వెనక దాకా తెచ్చాం.

మళ్లీ కళ్లంలో పెట్టి దారం కట్టాను. కుడి 1, అర చుట్టు తిప్పాక 0. ఎడమ 1, 1. ముందూ వెనకా దూరం తేడా 1 మి.మీ. లోపే.

వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాం, ఒక్కోటి పావు చుట్టు పట్టింది.


ట్రాలీపని_మండపేట | జూన్ 28, సాయంత్రం 6:00

మా షాపు గోడకి గుండు దారం తగిలించాను. ట్రాలీ ఇరుసులక్కూడా చూస్తున్నాను ఇప్పుడు.


లంకరేవు | జూలై 21, రాత్రి 8:30

మొన్న ఎర్రనీళ్లొచ్చాయి. కాజ్‌వే మీద మోకాలి లోతుకి రాకముందే దాణా బస్తాలు, మోటారు, నాన్నమ్మని గట్టు మీద మా అత్తగారింటికి చేర్చాను, మూడు ట్రిప్పులు. ప్రతిసారీ దిగేముందు పది నిమిషాలు ఆపాను. ఈ ఉదయం కుడి డ్రమ్ము విప్పి చూశాను. లైనర్లు పొడిగా ఉన్నాయి. పలక మీద వేలు పెట్టి రాస్తే దుమ్మే అంటింది, ఆయిలు లేదు. డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే మొదటి చుక్క నుంచీ ఆయిలే వచ్చింది.


కొబ్బరితోట_రాజోలు | జూలై 21, రాత్రి 8:52

అన్నా, ఆ చెక్క బిళ్లలు ఇంకా ఉన్నాయా? నాది ముందు గొట్టమే అని తేలింది. ఆదివారం విజయవాడ వెళ్తున్నాను.


లంకరేవు | జూలై 21, రాత్రి 8:58

ఉన్నాయి తమ్ముడూ. కానీ అవి వెనక బేరింగు కొలతకి చేయించినవి, ముందుదానికి పట్టవు. నీ గొట్టం కొన లోపలి కొలత స్కేలుతో తీసి నాకు పంపు. మా వడ్రంగి చేత రేపే చేయించి, దారం, మూలమట్టంతో కలిపి రాజోలు బస్సులో వేస్తాను.